అప్పు తెచ్చిన వాన

ధూమశైలం మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ ఎండలో నల్లగొంగళి కప్పుకుని, మొహానికి మట్టి ముసుగు తగిలించుకుని, చేతికర్ర ఊతంగా కొండ ఎక్కుతున్న మనిషిని వెనక వస్తున్న సైనికులందరూ వాన అప్పడిగే రాయబారి అనే అనుకున్నారు. అనుకోక ఏం చేస్తారు పాపం! గొంగళి అదే, ముసుగు అదే, కర్రా అదే. అసలు రాయబారి కొండ కింద సత్రంలో గడ్డివాము వెనక కాళ్ళూ చేతులూ కట్టించుకుని, నోట్లో గుడ్డలు కుక్కించుకుని దొర్లుతున్నాడనీ, ముసుగు లోపల ఉన్నది సాక్షాత్తూ మకరందపురి యువరాజు కువలయుడనీ వాళ్ళకు కలలో కూడా తోచలేదు.

యువరాజుకి ఈ దొంగవేషం ఎందుకంటారా? చెబుతాను. తండ్రి చిత్రభాను మహారాజు ఈ మధ్యనే కన్నుమూశాడు. ఆఖరి ఘడియల్లో కొడుకు చెయ్యి పట్టుకుని, "గుహలో ఉన్నాడు... నన్ను క్షమించమని వాడికి చెప్పు నాయనా" అన్నాడు. "ఎవరు నాన్నగారూ? ఏ గుహ?" అని కువలయుడు అడిగేసరికే రాజుగారి గొంతు పడిపోయింది. పక్కనే ఉన్న మంత్రి ప్రియంవదుడు, "జ్వరంలో ఏవో మాటలు, పట్టించుకోకండి ప్రభూ" అన్నాడు. అన్నాడు సరే, అనేటప్పుడు అతని చేతిలోని తాంబూలం జారి కింద పడింది. కువలయుడు అది చూశాడు.

మకరందపురి వైభవం చూసినవాళ్ళకే తెలియాలి. వీధి వీధికీ పన్నీటి ఫౌంటెన్లు. చలువరాతి మేడల్లో గువ్వలు, పావురాలు. మెడలో బంగారు గంటలు ఘల్లుఘల్లుమంటుండగా ఠీవిగా కదిలే భద్రగజాలు. పున్నమి వస్తే నది నిండా హంసపడవలు, పడవల నిండా దీపాలు, దీపాల వెలుగులో నాట్యకత్తెల ముక్కుపుడకల తళుకులు. ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా అంటే, ఒక ఆచారం నుంచి వచ్చింది. ఆ నగరంలో ప్రతి రాజూ పట్టం కట్టుకున్నప్పుడూ, పంట బాగా పండినప్పుడల్లా ప్రజలకు ఒక కొత్త వరం ప్రకటించాలి. పాత రాజులు ఇచ్చిన వరం ఒక్కటీ ఆపకూడదు. ఆపితే వంశానికి తలవంపులు. ముత్తాత ఇచ్చినవీ, తాత ఇచ్చినవీ, తండ్రి ఇచ్చినవీ అన్నీ అలా పేరుకుపోయాయి. రాజ్యానికి వచ్చేదేమో పండిన పంటలో ఆరో పాలు. అది ఖర్చులకు చాలకుండా పోయి చాలా కాలమైంది.

చాలనప్పుడల్లా ప్రియంవదుడు ధూమశైలానికి రాయబారిని పంపేవాడు. ఆ కొండ గుహలో నీలజటి అనే మాంత్రికుడు రాబోయే సంవత్సరాల మబ్బుల్ని పెద్ద పెద్ద కాగుల్లో పెట్టి కాపలా కాస్తుంటాడు. అడిగితే ఒక కాగు మూత తీసి అప్పిస్తాడు. ఒక్క ఏట రెండేళ్ళ వాన కురుస్తుంది, పంట మీద పంట పండుతుంది, ఖజానా నిండుతుంది, గంటలు మళ్ళీ మోగుతాయి.

"అప్పు తెచ్చిన మబ్బుల్ని తీర్చేదెవరు మంత్రిగారూ?" అని కువలయుడు ఒకసారి అడిగాడు.

ప్రియంవదుడు ముచ్చటగా నవ్వాడు. "రాజ్యమంటే చిల్లరకొట్టా ప్రభూ? ఇంటి యజమాని ఏదో ఒకనాడు పోతాడు, కాబట్టి వాడు అప్పు తీర్చాలి. రాజ్యానికి చావేమిటి? రేపటి మబ్బు మనం వాడుకుంటాం, రేపటివాళ్ళు ఎల్లుండి మబ్బు వాడుకుంటారు. వాన పడుతోంది, పంట పండుతోంది, జనం నవ్వుతున్నారు. ఇందులో ప్రమాదం ఎక్కడుందో తమరే చూపించండి."

కువలయుడు చూపించలేకపోయాడు. అప్పటికి నిజంగానే ఎక్కడా కనబడలేదు మరి!

ఈ ఏడు కనబడింది. కార్తెలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి, ఆకాశంలో గుప్పెడు మబ్బు లేదు. ఉండదు కూడా, ఈ ఏటి మబ్బు ఎప్పుడో వాడేశారు. మారువేషంలో కొండ దాకా వచ్చిన దారి పొడుగునా కువలయుడు చూసినవి చెబితే మీకు అన్నం సయించదు. బావిగట్ల మీద పశువుల కళేబరాలు. ఒక ఊళ్ళో ఒక తల్లి, కుండ అడుగున తడిసిన గుడ్డను పిండి బిడ్డ నోట్లో చుక్కలు వేస్తోంది. ఆ బిడ్డ ఏడవడం లేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి కదా. నగరంలో మాత్రం ప్రియంవదుడు పట్టాభిషేకానికి వెండి పడవల పందెం అనే కొత్త వరాన్ని దండోరా వేయించేశాడు. నదిలో నీళ్ళు లేవురా నాయనా అంటే, "రాయబారి వెళ్ళాడుగా, వస్తాయి" అన్నాడు.

గుహలో ఎవరున్నారో తెలుసుకోవాలి, ఎలాగైనా వాన తేవాలి. ఈ రెండు పనుల మీదే కువలయుడు బయలుదేరాడు.

కొండ నడుమ అగాధం మీద గాలివంతెన ఉంది. వంతెన అంటే రెండు తాళ్ళు, వాటి మధ్య సుడిగాలి, అంతే. సగం దూరం దాటేసరికి కింద లోయలోంచి రెక్కల పాములు బుస్సుమంటూ లేచాయి. ఒకటి గొంగళి అంచు పట్టుకుంది. కువలయుడు కర్ర తిప్పి దాని పడగ మీద ఒక్కటిచ్చాడు. రెండోది కాలికి చుట్టుకుంది. వెనక ఒక సైనికుడు కెవ్వుమని లోయలోకి జారిపోయాడు. దళపతి రణమల్లుడు కత్తి దూసి వంతెన మీద పరిగెత్తుకొచ్చి పామును రెండు ముక్కలు చేశాడు. కువలయుడు ప్రాణం దక్కించుకుని అవతలి గట్టు మీద పడ్డాడు.

గుహ ద్వారం దగ్గర రణమల్లుడు ఆగిపోయాడు. ద్వారానికి మెరుపుతీగలు తోరణాల్లా వేలాడుతున్నాయి. ఆ గొంగళి కప్పుకోనివాడు అడుగుపెడితే చాలు, మాడి మసైపోతాడు.

"రాయబారీ, గుర్తుందిగా" అన్నాడు రణమల్లుడు కత్తి తుడుచుకుంటూ. "లోపల గుసగుసలాడినా ఇక్కడికి వినిపిస్తుంది. నీకు నేర్పిన ఆ ఒక్క మాటే చెప్పాలి. ఇంకొక్క అక్షరం పలికావో, బయటికొచ్చాక నీ తల నీది కాదు. మంత్రిగారి ఆజ్ఞ."

కువలయుడు తలూపి లోపలికి నడిచాడు.

లోపల అడుగుపెట్టగానే చల్లదనం మొహాన కొట్టింది. గోడల మీద చెమ్మ. తడి! ఎన్నాళ్ళకు తడి! యువరాజు అన్న సంగతి మరిచిపోయి, ముసుగు పైకెత్తి, నాలుక చాపి ఆ రాతిగోడను నాకాడు. నాకుతూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తర్వాత సిగ్గేసి మూతి తుడుచుకుని లేచాడు.

ఇంకాస్త లోపలికి వెళ్ళేసరికి అతని కళ్ళు చెదిరాయి. నీలపు వెలుగులో, ఏనుగు పట్టేంత కాగులు వరసలు వరసలుగా చీకట్లోకి సాగిపోయి ఉన్నాయి. నిండు కాగుల మూతల కింద మబ్బులు గునుస్తున్నాయి, సన్నగా ఉరుముతున్నాయి, మూత సందుల్లోంచి తళుక్కుమంటున్నాయి. కానీ ఆ నిండు కాగులన్నీ ఎక్కడో దూరాన ఉన్నాయి. కువలయుడు నడుస్తున్న మేరంతా బోర్లించిన కాగులే. ఒకటా రెండా! ఈ ఏటిది ఖాళీ, వచ్చే ఏటిది ఖాళీ, ఆపైదీ ఖాళీ. వేలితో తడితే బోలుగా మోగాయి. నడిచి నడిచి అతని కాళ్ళు పీకాయి గానీ ఖాళీ కాగులు అయిపోలేదు.

వరసల చివర పొగమంచు తెర. తెర ముందు ఎత్తు పీట మీద నీలపు జడలు నేలమీద పరుచుకుని కూర్చున్నాడు నీలజటి. అల్లంత దూరాన్నుంచే ఆవలించాడు.

"వచ్చావా? చెప్పు, ఆ చెప్పేదేదో."

కువలయుడు ఊపిరి పీల్చుకుని, సత్రంలో అసలు రాయబారి చేత చెప్పించుకున్న మాట అప్పజెప్పాడు. "నేల నెర్రెలిచ్చింది. గింజ లేదు, నీళ్ళు లేవు. ఒక మబ్బు అప్పివ్వు."

నీలజటి తెర వైపు తల తిప్పాడు. తెర వెనకనుంచి వేరొక గొంతు వచ్చింది. నీరసంగా, ఎంతో దయగా ఉంది ఆ గొంతు.

"అయ్యో! ఈ ఏడు కూడానా? ఏం పాపం చేసుకున్నారో నా జనం! రాయబారీ, నువ్వు మాట్లాడకూడదని నాకు తెలుసులే. తల ఊపు, చాలు. పిల్లలు బతికే ఉన్నారా? మా నాన్నగారు కులాసాయేనా? మా తమ్ముడు కువలయుడు ఎలా ఉన్నాడు? వాడు చిన్నప్పటినుంచీ ఆకలికి ఆగలేడు. వాడికి వేళకింత పెడుతున్నారా?"

ఆ గొంతును కువలయుడు గుర్తుపట్టాడు. ఒక్క ఉదుటున ముసుగు పీకి నేలకేసి కొట్టాడు. పొగమంచు తెరను రెండు చేతులా చీల్చుకుని లోపలికి దూకాడు.

"అన్నా! హేమాంగదన్నా!"

ఆ కేక గుహంతా మారుమోగింది. బయట రణమల్లుడి కత్తి ఒరలోంచి బయటికొచ్చిన చప్పుడు లోపలికి స్పష్టంగా వినిపించింది. ఎవరికి పట్టింది ఇప్పుడు!

పెద్ద కరువు వచ్చిన ఏట, వేటలో పులివాత పడ్డాడని లోకమంతా అనుకున్న పెద్ద యువరాజు హేమాంగదుడు ఒక రాతిపీఠం మీద నిలబడి ఉన్నాడు. నిలబడ్డాడనకూడదు. పాదాల నుంచి డొక్కల దాకా నల్లరాయి అయిపోయాడు. రొమ్ము, భుజాలు, మొహం మాత్రం మనిషివి. జుట్టు నెరిసింది. కువలయుడు అతని మెడను వాటేసుకుని భోరుమన్నాడు. పైన ఒళ్ళు వెచ్చగా ఉంది, కింద రాయి చల్లగా తగిలింది.

"ఏడవకురా, ఏడవకు" అంటున్నాడు హేమాంగదుడు తనే ఏడుస్తూ. "ఎంత ఎదిగావురా! నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. ఆ కరువులో నువ్వు గంజిలేక మంచం పట్టావు. ఊళ్ళకు ఊళ్ళు వల్లకాళ్ళయ్యాయి. మబ్బు అప్పివ్వాలంటే రాజరక్తం తాకట్టు ఉండాలన్నాడు ఈయన. నాన్నగారు నేనుంటానన్నారు, నేనే ఒప్పుకోలేదు. ఒక్కో కాగుకూ నేను నా నోటితో 'ఇచ్చాను' అనాలి. అన్నప్పుడల్లా రాయి కాస్త పైకి వస్తుంది. పోనీలే! ఒక్కో మెట్టుకూ ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో అనుకుంటే బాధే తెలియలేదు."

కువలయుడు తలెత్తలేకపోయాడు.

"ఒకటి చెప్పరా తమ్ముడూ. వచ్చినవాళ్ళెవరూ మాట్లాడరు కదా, ఇన్నేళ్ళూ అడగాలని మనసు పీకేసింది. మొదటి మబ్బుకు పాదాలిచ్చాను. అది నాకు తెలిసిందే."

"ఆ వానకు పండిన గింజలు తినే నేను బతికాను అన్నా."

"ఆ! తర్వాత తర్వాత మోకాళ్ళు పోయాయి. ఆ కరువు ఇంకా పెద్దదా?"

కువలయుడు అన్న మోకాళ్ళ రాతిని చేత్తో తడిమాడు.

"చెప్పరా."

"ఆ ఏడు... పావురాలకు మేడలు కట్టారన్నా."

"పావురాలకా?"

"చలువరాతి మేడలు."

"పోనీ, తొడలు పోయిన ఏడు?"

"ఏనుగులకు బంగారు గంటలు."

"నడుము?"

"నడుము పోయిన ఏడు కొత్తగా ఏమీ చెయ్యలేదు. ఉన్న గంటలు తోమేవాళ్ళకూ, ఉన్న మేడలు కడిగేవాళ్ళకూ జీతాలకు చాల్లేదు. అందుకు."

హేమాంగదుడు పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుపుకి రొమ్ము ఎగిసిపడుతుంటే, దాన్ని పట్టుకున్న రాయి కిరకిరమంది.

"ప్రతి ఏడూ ఇక్కడ నిలబడి, ఈ ఏడు ఎంతమంది తల్లులు పొయ్యి రాజేసి ఉంటారో అనుకునేవాణ్ణిరా. ఆ తలపుతోనే బతికాను. గంటలకా! గంటలు తోమడానికా!"

కువలయుడు గొంగళి కింద దాచుకున్న కత్తి దూసి నీలజటి మీదికి లంఘించాడు. మాంత్రికుడు చిటికె వేశాడు. కత్తి నీళ్ళుగా మారి పిడిలోంచి కారిపోయింది.

"నా మీద ఎగిరితే ఏం లాభం?" అన్నాడు నీలజటి విసుగ్గా. "వచ్చి అడిగింది మీరు. మొదటి కాగు ఇచ్చిన రోజున నాకూ కళ్ళనీళ్ళు తిరిగాయి. దేశం చచ్చిపోతుంటే అప్పు చెయ్యక ఏం చేస్తారు? చెయ్యకపోవడమే పాపం. కానీ అప్పుడే చెప్పి పంపాను. మంచి ఏడు వచ్చినప్పుడు, పొలాలు తడిశాక మిగిలిన మబ్బుల్ని కాసిని ఇటు తోలండి, రాయి దానంతటదే దిగిపోతుంది అన్నాను. ఎన్ని మంచి ఏళ్ళు వచ్చాయి? ఒక్క మబ్బు వెనక్కి వచ్చిందా? పైగా ఇంకోటి ఇమ్మని ఈ ముసుగువాళ్ళు! పొద్దు వాలిపోతోంది. కుంకితే ఈ ఏటికి ఇంక మూత తియ్యను. కావాలా, వద్దా?" అంటూ దూరాన ఉన్న నిండు కాగు వైపు వేలు చూపించాడు. "ఇదిగో, మిగిలినవాటిలో మొదటిది. నీ మనవలు దున్నుకోవలసిన ఏటిది. ఈసారి రాయి గుండె దాటి పోతుంది. ఆ తర్వాత తాకట్టు లేదు, అప్పూ లేదు."

హేమాంగదుడు తమ్ముడి కళ్ళలోకి చూశాడు. "నువ్వు కూడా అదే మాట చెప్పావు కదరా. నేల నెర్రెలిచ్చింది, గింజ లేదని. ఇన్నేళ్ళూ అందరూ అదే మాట, అదే గొంతుతో చెప్పారు. నిజం చెప్పు. ఈసారి దేనికి?"

కువలయుడికి దారిలో చూసిన బిడ్డ కళ్ళముందు కదిలాడు. ఈసారి కరువు నిజం. నిజం చెబితే అన్న గుండె రాయైపోతుంది. ఆలోచించడానికి వ్యవధి ఎక్కడుంది! నోటికొచ్చింది అనేశాడు.

"అబద్ధమన్నా. కరువూ లేదు, ఏమీ లేదు. నా పట్టాభిషేకానికి వెండి పడవల పందెం పెడుతున్నారు. అందుకు. నువ్వు ఇవ్వకు. ఇవ్వొద్దు."

హేమాంగదుడు తమ్ముణ్ణి తేరిపార చూశాడు.

"ఇందాక నువ్వు గుహలోకి రాగానే గోడ నాకావు. ఇక్కడ అన్నీ వినిపిస్తాయిరా. కువలయా, యువరాజు గోడలు నాకే రాజ్యంలో కరువు లేదంటే నన్ను నమ్మమంటావా?"

హేమాంగదుడు నీలజటి వైపు తల తిప్పి నోరు తెరిచాడు. అంతే, కువలయుడు ఎగిరి అరచేత్తో అన్న నోరు మూసేశాడు. రెండో చెయ్యి కూడా వేసి గట్టిగా అదిమిపట్టాడు.

"వద్దు! నే చెప్పేది విను. నేను వెళ్ళి ఆ గంటలన్నీ కరిగిస్తాను. మేడలు పడగొడతాను. పడవల వెండి అమ్మేస్తాను. పక్కదేశాల నుంచి ధాన్యం కొని తెప్పిస్తాను. తలవంపులైతే అయ్యాయి, జనం రాళ్ళేస్తే వేస్తారు. ఇన్నేళ్ళూ చెయ్యవలసిన పనే కదా ఇది! నేను చేస్తానన్నా, ఒట్టు! నిన్ను మాత్రం ఇవ్వను."

ద్వారం వైపునుంచి వస్తున్న వెలుగు ఎర్రబడింది. అరచేతి కింద అన్న ఊపిరి వేడిగా తగులుతోంది. హేమాంగదుడు పెనుగులాడలేదు. తమ్ముడు చెప్పిందంతా విన్నాడు, కళ్ళతోనే తల తడిమినట్టు చూశాడు. కువలయుడు చెయ్యి కొద్దిగా సడలించాడు.

"మంచి మాట చెప్పావురా" అన్నాడు హేమాంగదుడు వేళ్ళ సందులోంచి. "తప్పకుండా చెయ్యి. కానీ ధాన్యం బళ్ళు పొలిమేరల్లోని ఎడారి దాటి వచ్చేసరికి ఎన్నాళ్ళు పడుతుంది?"

కువలయుడు ద్వారం వైపు, ఎర్రబడుతున్న వెలుగు వైపు చూశాడు.

"అందాకా ఆగగలరా వాళ్ళు? నువ్వు చూసి వచ్చావు. నేను చూడలేదు. చెప్పు, ఆగుతారంటే నేనూ ఆగుతాను."

తడిగుడ్డ పిండుతున్న తల్లి, నోరు తెరుచుకుని ఉన్న బిడ్డ. ఆ బిడ్డ ఇవాళ ఉన్నాడో లేడో కూడా కువలయుడికి తెలియదు. ఆగుతారని అనాలని చూశాడు. అనలేకపోయాడు. అతని కన్నీళ్ళు అన్న రొమ్ము మీద పడ్డాయి. ఏం చెయ్యగలడు చెప్పండి! ఎంత రాజైతే మాత్రం ఏం చెయ్యగలడు!

కువలయుడు తన చేతులు తనే తీసేశాడు.

"ఏడవకు. మొదటిసారి ఇచ్చినప్పుడు కూడా నాకు భయం వెయ్యలేదు" అన్నాడు హేమాంగదుడు. "ఇది కూడా దానిలాంటిదే. మధ్యవన్నీ మరిచిపోతాను. కానీ ఇంకెవర్నీ ఈ పీఠం ఎక్కనివ్వకు. నీ కొడుకునైనా, ఏ తల్లి కొడుకునైనా. నాన్నగారు..."

"పోయారన్నా. తనను క్షమించమని నీకు చెప్పమన్నారు."

"ఎప్పుడో క్షమించాను." హేమాంగదుడు కళ్ళు మూసుకున్నాడు. "నీలజటీ, ఇచ్చాను."

కాగు మూత లేచింది. నల్లమబ్బు ఒక్కసారిగా పెళపెళమంటూ బయటికి దూకింది. గుహంతా ఉరుములు, మెరుపులు, చల్లటి ఈదురుగాలి. ఆ హోరులో కువలయుడు అన్న భుజాలు పట్టుకుని వేలాడాడు. రాయి డొక్కలు దాటింది, రొమ్ము మీదికి పాకింది. చెవి ఆనించి ఉన్న కువలయుడికి గుండె చప్పుడు వినిపిస్తూ వినిపిస్తూ ఆగిపోయింది. రాయి గొంతు చుట్టూ తిరిగింది.

"వేళకి తిను నాయనా" అన్నాడు హేమాంగదుడు. ఆ తర్వాత పెదవులు కూడా రాయైపోయాయి.

కువలయుడు ఏడవడానికి కూడా ఆ గుహ ఆగనివ్వలేదు. మబ్బు అతన్ని ఎత్తి, ఖాళీ కాగుల మీదుగా విసురుకుంటూ ద్వారం బయటికి తోసిపారేసింది. బయట చిమ్మచీకటిలా కమ్ముకుంది మబ్బు. "వాణ్ణి పట్టుకోండి! యువరాజైనా సరే, మాట తప్పాడు, నరకండి!" అంటున్నాడు రణమల్లుడు. ఎవరి మొహం ఎవరికీ కనబడడం లేదు. ఒక కత్తి కువలయుడి భుజాన్ని చీరింది. అతను ఆ చెయ్యి పట్టుకుని మెలిపెట్టి కత్తి లాక్కున్నాడు, ఇద్దర్ని పడగొట్టాడు, మూడోవాణ్ణి ఢీకొని వాడితోపాటే దొర్లాడు. గాలివంతెన తాళ్ళు తెగి ఎగురుతున్నాయి. వెనక కత్తులు, ముందు అగాధం. అప్పుడే కొండకొమ్ము మీద మొదటి జల్లు విరుచుకుపడింది. వాగులు ఎక్కడికక్కడ పుట్టుకొచ్చాయి. కువలయుడు మరి ఆలోచించలేదు, ఎదురుగా ఉరికిపడుతున్న ఒక సెలయేటిలోకి దూకేశాడు. అది అతన్ని బండల మీద కొట్టి, పొదల్లో ఈడ్చి, చివరికి కొండ అడుగున ఒక పల్లె పొలిమేరలో బురదలోకి విసిరేసింది.

లేచి కూర్చునేసరికి కుండపోతగా వాన. పల్లె పల్లెంతా ఇళ్ళ బయటే ఉంది. ఆకాశం కేసి నోళ్ళు తెరుచుకుని తాగుతున్నారు, కుండలూ చట్లూ పరుస్తున్నారు, ఆడవాళ్ళు చీరకొంగులు తడిపి పిల్లల మొహాలు తుడుస్తున్నారు. ఒకాయన తన ఎద్దు మెడ కౌగిలించుకుని గట్టిగా ఏడుస్తున్నాడు. భుజం నుంచి నెత్తురు కారుతున్న ఈ కొత్త మనిషిని ఒక ముసలామె చూసింది. గబగబా వచ్చి కొంగు చించి గాయానికి కట్టింది. పైన ఎక్కడో రణమల్లుడి బూరలు మోగుతున్నాయి, అతని దండు చుట్టుదారిన కొండ దిగుతోంది.

"యాడ కొట్టుకుపోయొచ్చినావు నాయనా? లెయ్, లోపలికి రా, జొన్నన్నం ఇంత ఉంది, తిని పో" అంది ముసలామె. "మా ఇంట్లో బిడ్డ పొద్దున్నుంచీ కళ్ళు తెరవలా. ఇప్పుడు నోట్లో నాలుగు చుక్కలు పడ్డాక ఎక్కెక్కి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వింటే ఎంత బాగుందో! ఎవరి పుణ్యమో గానీ మా తండ్రి."

"మా అన్న పుణ్యం అవ్వా" అన్నాడు కువలయుడు.

"మీ అన్నా? పేరేం నాయనా?"

"హేమాంగదుడు."

ముసలామె తడిచేతులు రెండూ కొండ వైపు ఎత్తి మొక్కింది.

"నిండు నూరేళ్ళు బతకాలి ఆ బాబు!" అంది.

బూరలు దగ్గరకొచ్చాయి. కువలయుడు లేచి, సైనికులు కొండ కింద కట్టేసి వెళ్ళిన గుర్రాల్లో ఒకదాన్ని విప్పి ఎక్కాడు. అన్నం తిని పొమ్మని ముసలామె వెనకనుంచి పిలుస్తూనే ఉంది. అతను నగరం వైపు గుర్రాన్ని ఉరికించాడు.